కొత్తదా, పాతదా అన్నది రెండో ప్రశ్న

ఇంజన్ విప్పిన ప్రతిచోటా రెండు మతాలుంటాయి. మొదటి మతం వాళ్ళు "పాత ఇనుము పాత ఇనుమేనండీ, ఇప్పుడొచ్చేదంతా రేకు" అంటారు. రెండో మతం వాళ్ళు "ఎలాగూ విప్పారు కదా, అన్నీ కొత్తవి వేసెయ్యండి, మళ్ళీ తలనొప్పి ఉండదు" అంటారు. రెండింటికీ భక్తులున్నారు. రెండింటికీ మహిమల కథలున్నాయి. ఫలానా ఆయన బండి ఒక్క పార్టు మార్చకుండా నాలుగు లక్షల కిలోమీటర్లు తిరిగిందట. ఇంకో ఆయన పాత బేరింగు మళ్ళీ వేయించి నడిరోడ్డు మీద ఇంజన్ పోగొట్టుకున్నాడట. గుళ్ళో మొక్కుకుంటే జబ్బు తగ్గిందన్న వాళ్ళని మనం ఏమడుగుతాం? మొక్కుకున్నా తగ్గని వాళ్ళ లెక్క ఎవరైనా రాశారా అని అడుగుతాం. ఇక్కడా అడగాల్సింది అదే.

పాత ఇనుము గట్టిదనే నమ్మకం ఎలా పుట్టిందో ఊహించడం కష్టం కాదు. ఇప్పుడు రోడ్డు మీద కనిపించే 45 ఏళ్ళ కార్లన్నీ బతికి బట్టకట్టినవి. విరిగినవి, పగిలినవి, తుప్పు పట్టినవి ఎప్పుడో తూకానికి వెళ్ళిపోయాయి. నూరేళ్ళు బతికిన తాతగారు రోజూ చుట్ట కాల్చాడని చెప్పి చుట్ట ఆయుష్షు పెంచుతుందనడం లాంటిదే ఇది.

మా నాన్నగారి అంబాసిడర్ 1978 నాటి మార్క్ 3. ఆయన పోయాక అది అన్నయ్యకీ నాకూ ఉమ్మడి ఆస్తి అయింది. అన్నయ్య విశాఖపట్నంలో, నేను ఖరగ్‌పూర్‌లో. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఇక్కడ తెలుగువాళ్ళు ఎక్కువే, మా కుటుంబమూ అలా వచ్చిందే. ఈ కారులో పిల్లల్ని ఎక్కించుకుని జాతీయ రహదారి 16 మీద విశాఖ వెళ్ళాలని అన్నయ్య కోరిక. ఏడు వందల కిలోమీటర్ల పైచిలుకు. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తున్న ఇంజన్‌తో అది కుదరదు కాబట్టి దించక తప్పలేదు.

ఆ ఇంజన్ గురించి నాలుగు మాటలు. అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా తయారైన కారు. ఉత్తరపాడా ఫ్యాక్టరీలో 2014 మేలో తయారీ ఆగిపోయింది. మా బండిలో ఉన్నది బి.ఎం.సి. వారి బి-సిరీస్ పెట్రోల్ ఇంజన్. పోత ఇనుము బ్లాక్, నాలుగు సిలిండర్లు, క్రాంక్‌కి మూడే మెయిన్ బేరింగులు. బోర్ 73.025 మి.మీ., స్ట్రోక్ 88.9 మి.మీ. లెక్క వేస్తే 1489 సి.సి. వస్తుంది. మెకానిక్కులు ఇప్పటికీ దీన్ని అంగుళాల్లోనే కొలుస్తారు. అంగుళంలో వెయ్యో వంతుని 'థౌ' అంటారు. ఈ వ్యాసంలో నేనూ అదే వాడతాను.

అన్నయ్య మొదటి మతం. "ఒరేయ్, నాన్న చెయ్యి తగిలిన బండిరా అది. ఒరిజినల్ పార్టు ఒక్కటి కూడా తియ్యకు" అని ఫోన్లో ఆంక్ష. మా మిస్త్రీ రెండో మతం. ముప్పై ఏళ్ళుగా అంబాసిడర్లు విప్పుతున్న మనిషి. "దాదా, పూరా కిట్ కొత్తది వేసేద్దాం" అన్నాడు. ఇద్దరూ నా మేలు కోరేవాళ్ళే. ఇద్దరి దగ్గరా కొలత మాత్రం లేదు.

నేను పని చేసి రిటైరైంది రైల్వే వర్క్‌షాపులో. అక్కడ చక్రం మార్చాలా వద్దా అన్నది ఎవరి అభిప్రాయం మీదా ఆధారపడదు. బాక్స్-ఎన్ వ్యాగన్ చక్రం కొత్తగా ఉన్నప్పుడు వ్యాసం 1000 మి.మీ. అరిగి 906 మి.మీ.కి వస్తే తీసి పారెయ్యాలి. దీన్ని కండెమ్నింగ్ సైజు అంటారు. దీనితోపాటు ఇంకో అంకె కూడా ఉంటుంది: లాస్ట్ షాప్ ఇష్యూ సైజు. అంటే వ్యాగన్ ఓవర్‌హాల్‌కి వచ్చినప్పుడు చక్రం ఇంతకన్నా చిన్నదైతే, కండెమ్నింగ్ సైజు ఇంకా రాకపోయినా, దాన్ని మళ్ళీ వేసి బయటికి పంపకూడదు. ఎందుకు? ఈ రోజు అది బాగానే ఉంది. కానీ వచ్చే ఓవర్‌హాల్ దాకా బాగుంటుందన్న భరోసా లేదు.

ఈ రెండు హద్దుల పద్ధతిలో నాకు నచ్చేది ఒకటుంది. 'ఇప్పుడు పనికొస్తుందా?' అనేది ఒక ప్రశ్న. 'మళ్ళీ విప్పే దాకా పనికొస్తుందా?' అనేది వేరే ప్రశ్న. గ్యారేజీల్లో జరిగే వాదాల్లో సగం ఈ రెంటినీ కలిపెయ్యడం వల్లనే. ఇంకో సంగతి, ఈ అంకెలు చక్రాన్ని చూడకముందే రాసి ఉంటాయి. చూశాక హద్దు గీస్తే, మనకి కావలసిన చోటే గీస్తాం. జాతకాలు చెప్పేవాడు పని జరిగిపోయాక 'నేను చెప్పలేదా' అన్నట్టు ఉంటుంది.

అందుకే ఇంజన్ దించకముందే ఒక నోటుపుస్తకం తీసి ప్రతి పార్టుకీ నాలుగు ప్రశ్నలు రాసుకున్నాను.

ఒకటి, దీని అరుగుదల కొలతకి దొరుకుతుందా? రెండు, ఇది పాడైతే ముందు హెచ్చరిక ఇస్తుందా, ఒక్కసారిగా విరుగుతుందా? మూడు, తర్వాత మార్చాలంటే ఇంజన్ మళ్ళీ దించాలా, బయటి నుంచే మార్చుకోవచ్చా? నాలుగు, కొత్తది నిజంగా పాతదానికన్నా మంచిదని నా దగ్గర ఏం రుజువుంది?

నాలుగో ప్రశ్న విని మిస్త్రీ నవ్వాడు. కొత్తది కొత్తదే కదా! కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం కోస్టల్ కమాండ్‌లో సి.హెచ్. వాడింగ్టన్ అనే జీవశాస్త్రవేత్త విమానాల మరమ్మతు లెక్కలు పరిశీలించాడు. ప్రతి 50 గంటల ప్రయాణానికీ ఒకసారి తనిఖీ జరిగేది. తనిఖీ తర్వాత లోపాలు తగ్గాలి కదా? లెక్కల్లో కనిపించింది తలకిందులు. అనుకోని మరమ్మతులు తనిఖీ అయిన వెంటనే పెరిగి, తర్వాత నెమ్మదిగా తగ్గేవి. బాగున్నదాన్ని కదిలించడమే కొంత చెరుపు చేస్తోందన్న మాట. ఆయన పుస్తకం 1973లో అచ్చయింది. మా బండి పుట్టిన 1978లోనే యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కి చెందిన నౌలన్, హీప్ అనే ఇద్దరు అమెరికా రక్షణ శాఖకి ఒక నివేదిక ఇచ్చారు. వాళ్ళు పరిశీలించిన విమాన భాగాల్లో 89 శాతానికి 'ఇన్ని గంటలు కాగానే మార్చెయ్యి' అనే నియమం వల్ల లాభం లేదని తేలింది. 68 శాతం భాగాలు కొత్తగా బిగించినప్పుడే ఎక్కువగా చెడిపోయి, తర్వాత స్థిరపడ్డాయి.

దీన్ని పట్టుకుని మొదటి మతం గెలిచిందని పండగ చేసుకోకూడదు. విమానంలోని ఆ భాగాల్లో చాలా వరకు సంక్లిష్టమైనవి. టైరు, బ్రేకు లాంటి సాదా అరుగుడు వస్తువులకి వయసు నిజంగానే ముఖ్యమని ఆ నివేదికే చెప్పింది. పిస్టన్ రింగు, బేరింగు ఈ రెండో కోవలోకే వస్తాయి. కాబట్టి 'కొత్తది మేలు', 'పాతది మేలు' అనే సాధారణ సూత్రం ఏదీ లేదు. ఒక్కో పార్టునీ విడిగా అడగాల్సిందే.

అడిగితే ఏం తేలిందో చెబుతాను.

గాస్కెట్లు, ఆయిల్ సీళ్ళు, లాక్ ప్లేట్లు, స్ప్లిట్ పిన్నుల గురించి చర్చ లేదు, అన్నీ కొత్తవి. బేరింగ్ షెల్స్ కూడా అంతే. వాటి మెత్తటి లోహం క్రాంక్ బదులు తాను అరగడానికే పెట్టింది. పాత షెల్స్‌లో నల్లటి మురికి రేణువులు దిగబడి కంటికే కనిపించాయి. పెట్రోల్ పైపులు, పంపులోని డయాఫ్రం చూడకుండానే మార్చాం. దేశమంతా 2025 నాటికి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వచ్చేసింది. 1978 నాటి రబ్బరు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. పైపు కారితే కింద వేడి ఇంజన్ ఉంది. ఇక్కడ 'ఒరిజినల్' అనే మాటకి విలువ లేదు.

కనెక్టింగ్ రాడ్ బోల్టుల దగ్గర అన్నయ్యకీ నాకూ మొదటి వాదం. బోల్టులు చూడ్డానికి నిగనిగలాడుతున్నాయి, మరలు చక్కగా ఉన్నాయి. అయితే లోహం అలసట కంటికి కనిపించదు. వీటి మీద కోట్ల సార్లు లాగుడు పడి ఉంటుంది. విరిగితే హెచ్చరిక ఉండదు, రాడ్ బ్లాక్‌ని పొడుచుకుని బయటికొస్తుంది. బోల్టుల ఖరీదు పోయే ఇంజన్ ఖరీదుతో పోలిస్తే లెక్కలోది కాదు. ఒకవైపు పొరపాటు చేస్తే కొద్ది డబ్బు పోతుంది, రెండోవైపు చేస్తే ఇంజన్ పోతుంది, హైవే మీద అయితే మనుషులూ పోవచ్చు. 'బాగానే ఉన్నట్టున్నాయి' అనేది ఇక్కడ చాలదు. కొత్త బోల్టులు వేశాం.

రాడ్లు, క్రాంక్ మాత్రం ఉంచాం. వాటికి పరీక్ష ఉంది. శుభ్రంగా కడిగి ఎర్ర రంగు పట్టించి, తుడిచి, పైన తెల్ల పొడి చల్లితే, పగులు ఉన్నచోట ఎర్ర గీత పైకి వస్తుంది. ఉపరితలానికి తెరుచుకున్న పగుళ్ళే దొరుకుతాయి, అది దాని పరిమితి. గీత ఏదీ రాలేదు. క్రాంక్ జర్నల్స్ గుండ్రదనం ఒక థౌ లోపలే ఉంది. గ్రైండింగ్ చేయిస్తే మళ్ళీ మందం తిరిగి రాదు. కోసిన లోహాన్ని అతికించలేం కదా. వెనక్కి తీసుకోలేని పనిని అవసరం రుజువయ్యే దాకా వాయిదా వెయ్యడమే మంచిది. పాలిష్ పట్టించి వదిలేశాం.

క్యామ్‌షాఫ్ట్, ట్యాపెట్లు కూడా పాతవే. ఇక్కడొక ముచ్చటైన నియమం ఉంది. పాత క్యామ్ మీద కొత్త ట్యాపెట్లు వెయ్యొచ్చు, కొత్త క్యామ్ మీద పాత ట్యాపెట్లు వెయ్యకూడదు. పాతవి రెండూ ఉంచితే ఏ ట్యాపెట్ ఏ లోబ్ మీద తిరిగిందో అక్కడికే తిరిగి వెళ్ళాలి. ఇన్నేళ్ళూ ఒకదాన్నొకటి అరగదీసుకుని జత కుదిరాయి. ఎనిమిది అగ్గిపెట్టెల మీద అంకెలు వేసి ఒక్కోదాంట్లో ఒక్కోటి పెట్టాను. ఇందులో ఆత్మ ఏమీ లేదు. రెండు ఉపరితలాల చరిత్ర ఒకటే, అంతే.

ఆయిల్ పంపు కథ చెప్పకపోతే నాలుగో ప్రశ్న అర్థం కాదు. మిస్త్రీ మాట కాదనలేక కొత్తది తెప్పించాను. పెట్టె మీద మెరిసే హోలోగ్రాం, కొన్న చోట గట్టి హామీ. రోటర్ ఎండ్ ఫ్లోట్‌కి హద్దు 5 థౌ. ఫీలర్ గేజ్ పెడితే పాత పంపు 3 థౌ, కొత్త పంపు 6 థౌ! అంటే కొత్తది పెట్టెలోంచి తీస్తూనే హద్దు దాటి ఉంది. మిస్త్రీ గేజ్ నా చేతిలోంచి తీసుకుని తనే మూడుసార్లు కొలిచాడు. నాకు ఆ రోజు బాగా నచ్చిన దృశ్యం అది. ఎవరి మాటా వినకుండా స్వయంగా కొలవడం కన్నా హేతువాదం ఇంకేముంటుంది? పాత పంపే వేశాం. ఆ తర్వాత అవసరమైన చిన్న పార్టులు కొన్ని కోల్‌కతా మల్లిక్ బజార్‌లో సెకండ్ హ్యాండ్ కుప్పల్లోంచి ఏరుకొచ్చాం. అక్కడ కూడా మైక్రోమీటర్ జేబులోనే.

వాల్వ్ సీట్ల దగ్గర తర్కం ఇంకో మెలిక తిరిగింది. సీసం కలిసిన పెట్రోల్ మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి ఆగిపోయింది. ఆ సీసం పాత పోత ఇనుము సీట్లకి పలచటి రక్షణ పొరగా పనిచేసేది. అది లేనప్పుడు ఎగ్జాస్ట్ సీట్లు హెడ్‌లోకి దిగబడతాయి, వాల్వ్ గ్యాప్ తగ్గిపోతూ వస్తుంది. నా నోటుపుస్తకం ప్రకారం 15 థౌ పెట్టిన గ్యాప్ 5,000 కిలోమీటర్ల తర్వాత 14 థౌ ఉంది. "చూశావా, ఏమీ కాలేదు, వదిలెయ్" అన్నాడు అన్నయ్య. లెక్క సరైనదే. కానీ అది ఖరగ్‌పూర్ వీధుల్లో, కూరల మార్కెట్ ప్రయాణాల్లో వచ్చిన లెక్క. ఈ దిగబడటం వేగంతో, బరువుతో పెరుగుతుంది. హైవే మీద రోజంతా లాగబోయే ఇంజన్‌కి వీధుల లెక్క సాక్ష్యం కాదు. హెడ్ ఎలాగూ బల్ల మీదే ఉంది. గట్టి ఇన్సర్ట్ సీట్లు వేయించాం.

ఇక అసలు చిక్కు, సిలిండర్లు. నేను ముందే రాసుకున్న అంకెలు: అరుగుదల 8 థౌ దాటితే కండెమ్, 4 థౌ దాటితే, విప్పిన ఇంజన్‌లో మళ్ళీ వెయ్యకూడదు. ఇవి వేదవాక్కులు కావు, మా వాడకానికి నేను ఎంచుకున్న హద్దులు. సిలిండర్ అడుగున రింగులు తగలని చోట కొలిస్తే 73.53 మి.మీ. వచ్చింది. అంటే ఫ్యాక్టరీ సైజు కాదు, ఎవరో 20 థౌ బోర్ చేయించారు. పిస్టన్ నెత్తిన 020 అని ముద్ర కూడా ఉంది. పాత ఫైల్లో 1994 నాటి బిల్లు దొరికింది. అన్నయ్య కాపాడమన్న 'ఒరిజినల్' పిస్టన్లు కారు కన్నా 16 ఏళ్ళు చిన్నవి!

ఫోన్లో కాసేపు నిశ్శబ్దం. తర్వాత "అయితే ఏం? వేయించింది నాన్నే కదా" అన్నాడు.

పై భాగంలో అరుగుదల వరసగా 5, 5, 7, 6 థౌ. ఏదీ 8 దాటలేదు. అన్నీ 4 దాటాయి. అన్నయ్య తెలివైన వాదమే చేశాడు. "1994 నుంచి సుమారు 90 వేల కిలోమీటర్లు తిరిగి 7 థౌ అరిగింది. అంటే ఒక థౌకి 13 వేల కిలోమీటర్లు పట్టింది. మనం ఏడాదికి 1,500 కన్నా తిప్పం. 8 థౌ రావడానికి ఎనిమిదేళ్ళు పైనే పడుతుంది. రింగులు మార్చి వదిలెయ్యరా." ఇది భక్తుడి వాదం కాదు. లెక్కతో వచ్చిన వాదానికి లెక్కతోనే జవాబివ్వాలి.

జవాబు బోర్‌లో లేదు, పిస్టన్‌లో ఉంది. రింగు కూర్చునే గాడిలో కొత్త రింగు పెట్టి ఫీలర్ గేజ్ దూర్చాం. రెండు పిస్టన్లలో పై గాడి బాగా వదులై, రింగు పైకీ కిందకీ ఆడుతోంది. అలాంటి గాడిలో ఎంత మంచి రింగు వేసినా ఆయిల్ పైకి పంప్ చేస్తుంది, నీలం పొగ మళ్ళీ వస్తుంది. అంటే పిస్టన్లు మార్చక తప్పదు. కొత్త 20 సైజు పిస్టన్లు తెచ్చి అరిగిన, కోలగా మారిన సిలిండర్‌లో వేస్తే అవి వదులుగా ఆడుతూ కొట్టుకుంటాయి. పిస్టన్లు కొంటున్నప్పుడు బోర్ చేయించడానికి అదనంగా అయ్యేది లేతు పని ఖర్చు మాత్రమే. 40 థౌకి బోర్ చేస్తే 74.041 మి.మీ. ఆ తర్వాత 60 సైజుకి ఇంకా చోటుంది, అదీ అయిపోతే లైనర్లు ఉన్నాయి. ఇది వెనక్కి తీసుకోలేని పనే, కానీ దారి మూసెయ్యని పని. కొలతల ఫోటోలు పంపించి "అన్నయ్యా, నీ లెక్క తప్పు కాదు, గాడి నీ లెక్కలో లేదు" అన్నాను. రెండు రోజులు ఆలోచించి "కానియ్" అన్నాడు.

ఇప్పుడు మా ఇంజన్ 1531 సి.సి. రిజిస్ట్రేషన్ పుస్తకంలో 1489 అనే ఉంది.

'అప్పుడది నాన్నగారి కారేనా?' అని మా మేనకోడలు అడిగింది. రెండు వేల ఏళ్ళ నాటి ప్రశ్న. పాళీలోని మిలిందపన్హలో నాగసేనుడు మిలింద రాజుని అడుగుతాడు: ఇరుసు రథమా, చక్రాలు రథమా, నొగ రథమా? ఏదీ కాదు. అన్నీ ఒక తీరున కలిసి పనిచేస్తున్నప్పుడు మనం పెట్టుకున్న పేరు రథం. కారులో నాన్నగారు ఏ పార్టులోనూ దాక్కుని లేరు. ఆయన గుర్తు మా బుర్రల్లో ఉంది, అది ఏ లేతు మిషన్‌కీ అందదు. అలాగని అన్నయ్య మమకారాన్ని ఎగతాళి చేసే హక్కు నాకు లేదు. నాలుగు పిస్టన్లూ కిరోసిన్‌తో కడిగి విశాఖకి పార్సెల్ చేశాను. ఒకటి ఆయన బల్ల మీద పెన్నుల స్టాండుగా ఉంది. మమకారానికి అలమరలో చోటుంది, సిలిండర్‌లో లేదు.

ఆయిల్, నీళ్ళు పోసి ఇంజన్ సిద్ధమైన రోజు అమావాస్య. వదిన దశమి దాకా ఆగమంది, మేం ఆ రోజే స్టార్ట్ చేశాం. బాగానే నడుస్తోంది. దీన్నుంచి అమావాస్య మంచి రోజని తేలదు. అంతకన్నా ముఖ్యంగా, నా నిర్ణయాలన్నీ సరైనవని కూడా తేలదు. ఒక్క బండి బాగా నడవడం రుజువు కాదు. తప్పు నిర్ణయం కూడా ఒక్కోసారి కలిసొస్తుంది, సరైన నిర్ణయం కూడా ఒక్కోసారి దెబ్బ తీస్తుంది. అలా కాదనుకుంటే నేనూ మొదటి పేరాలోని భక్తుల్లో చేరిపోతాను.

అందుకే నోటుపుస్తకంలో చివరి పేజీ రాశాను. ఉంచిన ప్రతి పార్టు పక్కన ఈనాటి కొలత, ఎందుకు ఉంచామన్న కారణం, మళ్ళీ విప్పినప్పుడు ఎంత ఉండాలని నా అంచనా. ఆయిల్ పంపు 4 థౌ దాటకూడదు. క్యామ్ లోబ్‌ల ఎత్తు ఇప్పటి కొలత నుంచి 2 థౌ కన్నా తగ్గకూడదు. అంచనా తప్పితే తప్పిందని ఆ పేజీయే చెబుతుంది, నేను మాట మార్చడానికి వీలుండదు. పుస్తకం కారు డాష్‌బోర్డ్ అరలో ఉంది. ఈ ఇంజన్‌ని తర్వాత ఎవరు విప్పినా, ముందు ఆ పేజీ చదివి, తర్వాత మైక్రోమీటర్ తీస్తే చాలు.